బరువు తగ్గే ఆపరేషన్ తర్వాత రక్తం తగ్గిపోతుంటే ఏం చేయాలి, ఎలా చేయాలి

స్లీవో బైపాసో చేయించుకుని ఏడాదో రెండేళ్లో అయింది. బరువు దిగారు, షుగర్ మందులు తగ్గాయి, మోకాళ్ల నొప్పులు సర్దుకున్నాయి. కానీ రెండంతస్తులు ఎక్కితే గుండె దడదడలాడుతోంది, మధ్యాహ్నం మూడయ్యేసరికి కుర్చీలోనే కళ్లు మూతలు పడుతున్నాయి, తల దువ్వితే జుట్టు గుప్పెళ్లతో వస్తోంది. ఇంట్లో వాళ్లకి చెబితే "పిట్టలా తింటున్నావు, నీరసం రాక ఏమొస్తుంది" అంటారు. చాలామంది ఈ మాట నమ్మేసి నెలల తరబడి అలాగే ఈడ్చుకొస్తారు. దయచేసి మీరు అలా చేయొద్దు. ఆపరేషన్ అయినవాళ్లకి నీరసం మామూలే అని వదిలేసేది కాదు ఇది, చాలాసార్లు ఒంట్లో ఐరన్ అడుగంటిపోయిందని అర్థం. దీనికి పరీక్ష ఉంది, మందు ఉంది, మాత్రలు పనిచేయకపోతే ఇంకో దారి కూడా ఉంది.

అసలు ఏం జరిగిందో ముందు తెలుసుకోండి

మనం తిన్న ఐరన్ ఎక్కువగా ఒంటికి పట్టేది చిన్నపేగు మొదట్లో. డుయోడినమ్ అనే భాగం, దాని తర్వాత వచ్చే కొంత పేగు. బైపాస్‌లో సర్జన్ చేసే పనే ఆ భాగాన్ని పక్కకి తప్పించి తిండిని నేరుగా కిందికి పంపడం. మన దగ్గర ఎక్కువగా చేసే మినీ బైపాస్‌లోనూ అంతే, అందులో తప్పించే పేగు సాధారణంగా 150 నుంచి 200 సెంటీమీటర్లు ఉంటుంది. స్లీవ్‌లో పేగు జోలికి పోరు గానీ పొట్టలో మూడొంతులకి పైగా కోసి తీసేస్తారు, దాంతో యాసిడ్ తగ్గిపోతుంది. పప్పుల్లో, ఆకుకూరల్లో ఉండే ఐరన్ పేగు పీల్చుకునే రూపంలోకి మారాలంటే ఆ యాసిడ్ కావాలి. ఇక పాంటాప్రజోల్ లాంటి గ్యాస్ బిళ్ళ రోజూ పరగడుపున వేసుకుంటుంటే ఉన్న కాస్త యాసిడ్ కూడా పోతుంది. తిండి ఎలాగూ తగ్గింది, చాలామందికి మాంసం సయించదు, ఆడవాళ్లకైతే నెలనెలా రక్తం పోతూనే ఉంటుంది.

ఇంకో సంగతి. మన ఆడవాళ్లలో చాలామంది ఆపరేషన్‌కి వెళ్లేటప్పటికే రక్తం తక్కువతో ఉంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఆడవాళ్లలో రక్తహీనత ఉన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అంటే మొదలే సగం ఖాళీ, ఆ మీద ఆపరేషన్. అందుకే "నేను తోటకూర బాగానే తింటున్నానుగా" అనే లెక్క ఇక్కడ పనిచేయదు. మీరు తినేదాంట్లో లోపం ఉన్నా లేకపోయినా, అది ఒంట్లోకి వెళ్లే దారే మారిపోయింది. ఇందులో మీ తప్పేమీ లేదు. కానీ జీవితాంతం దీన్ని కనిపెట్టుకుని ఉండాల్సింది మాత్రం మీరే.

మొదటి పని: ఒళ్లు చెప్పేది వినండి

ఆయాసం, దడ, తలనొప్పి, చేతులు కాళ్లు చల్లబడటం, గోళ్లు పెళుసుగా విరగడం, నాలుక నున్నగా ఎర్రగా అయి మంట పుట్టడం, ఇవన్నీ చాలామందికి తెలిసినవే. రాత్రి పడుకోగానే కాళ్లు ఊరికే ఉండనివ్వకపోవడం, కదిపితేనే హాయిగా అనిపించడం కూడా ఐరన్ తగ్గినప్పుడు వస్తుంది. ఈ సంగతి చాలామందికి తెలియదు.

అన్నిటికన్నా గట్టి గుర్తు ఇంకోటుంది, దాన్ని సిగ్గుపడి ఎవరూ చెప్పరు. మా పెద్దమ్మ కూతురికి బైపాస్ అయిన రెండో ఏడు, ఎసట్లో బియ్యం పోసే ముందు డబ్బాలో చేయి పెట్టి ఓ గుప్పెడు నోట్లో వేసుకునేది, కటకటా నములుతూనే కూరలు తరిగేది. మనుషులు లేనప్పుడు ఫ్రిజ్‌లోంచి ఐసు ముక్కలు. అడిగితే "ఏదో అలవాటైపోయింది అక్కా" అని నవ్వేసింది. పరీక్ష చేయిస్తే ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెర్రిటిన్ 5 మాత్రమే వచ్చింది. పచ్చి బియ్యం, ఐసు, బలపం, సుద్దముక్క, మట్టి, వీటి మీద ఆపుకోలేనంత యావ పుడుతోందంటే దాన్ని అలవాటు అనుకోకండి. ఐరన్ లోపం దాకా వచ్చిందని దాని అర్థం, ఐరన్ ఎక్కగానే ఆ యావ చాలామందికి కొద్ది రోజుల్లోనే పోతుంది. డాక్టరుకి తప్పకుండా చెప్పండి, వాళ్లకిది కొత్తేమీ కాదు.

జుట్టు సంగతి మాత్రం కొంచెం వేరు. ఆపరేషన్ అయిన మూడో నెల నుంచి ఆరో నెల దాకా జుట్టు రాలడం వేగంగా బరువు తగ్గడం వల్ల కూడా వస్తుంది, అది దానంతటదే సర్దుకుంటుంది. ఏడాది దాటాక కూడా రాలుతూనే ఉంటే అప్పుడు ఐరన్ వైపు చూడండి.

రెండో పని: సరైన పరీక్షలు చేయించుకోండి

ల్యాబ్‌కి వెళ్లి ఒక్క సీబీపీ (రక్తకణాల లెక్క చూసే పరీక్ష) చేయించుకుని హిమోగ్లోబిన్ 12 ఉంది, బాగానే ఉన్నాం అనుకోవద్దు. హిమోగ్లోబిన్ గిన్నెలో ఉన్న అన్నమైతే, ఫెర్రిటిన్ డబ్బాలో మిగిలిన బియ్యం. డబ్బా ఖాళీ అవుతున్నా గిన్నెలో అన్నం కొన్నాళ్లు కనిపిస్తూనే ఉంటుంది, గిన్నె కూడా ఖాళీ అయ్యేటప్పటికి చాలా ఆలస్యమైపోతుంది.

కాబట్టి సీబీపీతో పాటు సీరమ్ ఫెర్రిటిన్, ఐరన్, టీఐబీసీ, ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ (రక్తంలో ఐరన్‌ని మోసే ప్రొటీన్ ఎంత శాతం నిండి ఉందో చెప్పేది) చేయించండి. చాలా ల్యాబుల్లో చివరి మూడూ కలిపి ఐరన్ ప్రొఫైల్ అని ఇస్తారు, అందులో ఫెర్రిటిన్ ఉందో లేదో అడిగి మరీ రాయించుకోండి. వీటితో పాటు బీ12, ఫోలేట్, విటమిన్ డీ, ఒంట్లో వాపు ఉందేమో చెప్పే సీఆర్‌పీ కూడా.

రిపోర్టు చేతికొచ్చాక ఏం చూడాలంటే: హిమోగ్లోబిన్ ఆడవాళ్లకి 12 కంటే, మగవాళ్లకి 13 కంటే తక్కువుంటే రక్తహీనత. ఫెర్రిటిన్ 30 కంటే తక్కువుంటే ఐరన్ నిల్వలు అయిపోయాయనే లెక్క, ల్యాబ్ రిపోర్టులో పక్కన "నార్మల్ 10 నుంచి" అని అచ్చు వేసినా సరే. ఒంట్లో ఎక్కడైనా ఇన్‌ఫెక్షనో వాపో ఉంటే ఫెర్రిటిన్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, సీఆర్‌పీ చేయించమంటున్నది అందుకే. అలాంటప్పుడు ఫెర్రిటిన్ 100 లోపుండి, శాచురేషన్ 20 శాతం కంటే తక్కువుంటే లోపం ఉందనే అనుకుంటారు. జ్వరం తగిలి తగ్గిన వారంలో ఈ పరీక్షకి వెళ్లకపోవడం మంచిది.

ఎంసీవీ అనే అంకె కూడా చూడండి. ఐరన్ తక్కువైతే ఎర్రకణాలు చిన్నవైపోయి అది 80 కిందికి దిగుతుంది, బీ12 తక్కువైతే పెద్దవై 100 దాటుతుంది. బైపాస్ అయినవాళ్లకి రెండూ ఒకేసారి తగ్గడం మామూలు కాబట్టి ఒకదాన్నొకటి కప్పేసి ఎంసీవీ చక్కగా 88 అని కూర్చుంటుంది. ఎర్రకణాల సైజుల్లో తేడా ఎంతుందో చెప్పే ఆర్‌డీడబ్ల్యూ ఎక్కువుంటే అనుమానించండి. చిన్నప్పటి నుంచీ ఎంసీవీ తక్కువే, ఐరన్ ఎంత వాడినా మారదు, ఫెర్రిటిన్ మాత్రం బాగుంది అంటే అది పుట్టుకతో వచ్చే తలసీమియా మైనర్ కావచ్చు, దానికి వేరే పరీక్ష ఉంది.

జుట్టు కోసం బయోటిన్ వాడుతున్నారా? అది కొన్ని రక్తపరీక్షల అంకెల్ని తారుమారు చేస్తుంది, థైరాయిడ్ పరీక్షని మరీను. రక్తం ఇచ్చే రెండు మూడు రోజుల ముందే ఆపండి, ల్యాబ్ వాళ్లకీ చెప్పండి. షుగర్ ఉన్నవాళ్లకి ఇంకో మాట, ఐరన్ లోపం ఉన్నప్పుడు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ నిజంగా ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు. ఇంట్లో గ్లూకోమీటర్ అంకెలు బాగుండి అదొక్కటే పెరిగితే షుగర్ మందు పెంచే ముందు డాక్టరుతో ఈ సంగతి మాట్లాడండి.

మూడో పని: రక్తం ఎక్కడైనా పోతోందేమో చూడండి

ఆపరేషన్ వల్లే అని తేల్చేసి మాత్రలు రాసిచ్చేస్తే అసలు కారణం దాగిపోవచ్చు. నెలసరి ఎక్కువ రోజులు, ఎక్కువగా, గడ్డలు గడ్డలుగా అవుతుంటే ఎంత ఐరన్ వేసుకున్నా అటు పోతూనే ఉంటుంది, గైనకాలజిస్టుని కలవండి. కాపర్ టీ ఉన్నవాళ్లకి కొందరికి నెలసరి ఇంకా ఎక్కువవుతుంది. హార్మోన్ ఉన్న లూప్ వేయించుకుంటే దానికి ఉల్టాగా రక్తస్రావం బాగా తగ్గుతుంది, పైగా బైపాస్ తర్వాత గర్భనిరోధక మాత్రలు సరిగ్గా పట్టవన్న భయం కూడా దీనికి లేదు.

బైపాస్ అయినవాళ్లకి చిన్న పొట్టనీ పేగునీ కలిపి కుట్టిన చోట పుండు పడొచ్చు. దాన్ని తెచ్చేవాటిలో ముఖ్యమైనవి రెండు: సిగరెట్టు, నొప్పి బిళ్ళలు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, అసిక్లోఫెనాక్, ఇవేవీ మీకు పనికిరావు. ఒళ్లు నొప్పులని ఊళ్లో ఆర్ఎంపీ దగ్గరికి వెళ్తే చటుక్కున పొడిచే ఇంజెక్షన్ కూడా చాలాసార్లు డైక్లోఫెనాకే, కాబట్టి సూది చేతిలోకి తీసుకునేలోపే "నాకు పొట్ట ఆపరేషన్ అయింది, పారాసెటమాల్ తప్ప వేరేది వద్దు" అని చెప్పండి. ఇంట్లో వాళ్లకీ నేర్పి పెట్టండి.

మలం నల్లగా వస్తే కంగారు పడాలా వద్దా అని అందరూ అడుగుతారు. ఐరన్ మాత్ర వేసుకుంటే మలం ముదురు ఆకుపచ్చ కలిసిన నలుపులో వస్తుంది, గట్టిగానే ఉంటుంది, దానికి భయం లేదు. లోపల రక్తం పోతుంటే తారులా జిగటగా, మామూలుగా ఎప్పుడూ లేనంత కంపుతో, నీళ్లు పోసినా అంటుకునేలా వస్తుంది. అలా వస్తే, దానికి తోడు కళ్లు తిరుగుతుంటే, తెల్లారేదాకా ఆగకుండా హాస్పిటల్‌కి వెళ్లండి.

మగవాళ్లయినా, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లయినా ఐరన్ తగ్గితే మాత్రలతో సరిపెట్టుకోకుండా ఎండోస్కోపీ, అవసరమైతే పెద్దపేగు పరీక్ష గురించి అడగాలి. హెచ్ పైలోరీ అనే బ్యాక్టీరియా ఉన్నా ఐరన్ పట్టదు, దాన్ని మందులతో పోగొట్టొచ్చు. నులిపురుగులు కూడా మర్చిపోవద్దు.

నాలుగో పని: మాత్ర ఏది, ఎంత, ఎప్పుడు

ఎక్కువమంది ఓడిపోయేది ఇక్కడే. మందు వాడుతూనే ఉంటారు, కానీ వేసుకునే వేళ తప్పు కావడంతో అది ఒంటికి పట్టదు.

ముందు స్ట్రిప్ వెనక చదవండి. ఫెర్రస్ ఫ్యూమరేట్ 300 మిల్లీగ్రాములు అని రాసి ఉన్నంత మాత్రాన అంత ఐరన్ ఉన్నట్టు కాదు, అందులో అసలు ఐరన్ సుమారు మూడో వంతు. ఫెర్రస్ గ్లూకోనేట్‌లో అయితే ఎనిమిదో వంతు. మీకు కావలసింది "ఎలిమెంటల్ ఐరన్" అని రాసిన అంకె. మన మెడికల్ షాపుల్లో ఎక్కువగా దొరికే ఫెర్రస్ యాస్కార్బేట్ మాత్రల్లో మామూలుగా అది 100 మిల్లీగ్రాములు ఉంటుంది. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాములు, దాంతో పాటు ఫోలిక్ యాసిడ్ 500 మైక్రోగ్రాములు ఉంటాయి, డబ్బుకి ఇబ్బందిగా ఉన్నవాళ్లు దాన్ని తక్కువగా చూడాల్సిన పనిలేదు.

లోపం రాకుండా రోజూ వేసుకోవాల్సిన మోతాదు వేరు, వచ్చాక సరిచేసే మోతాదు వేరు. అమెరికా బేరియాట్రిక్ సర్జన్ల సంఘం 2016లో ఇచ్చిన సూచనల ప్రకారం నెలసరి వచ్చే ఆడవాళ్లకీ, బైపాస్ లేదా స్లీవ్ అయినవాళ్లకీ రోజుకి 45 నుంచి 60 మిల్లీగ్రాముల ఎలిమెంటల్ ఐరన్ కావాలి. లోపం వచ్చేశాక 150 నుంచి 200. సాధారణ మల్టీవిటమిన్ మాత్రలో ఉండే కొద్దిపాటి ఐరన్ దీనికి ఏ మూలకీ రాదు. అయితే ఈ అంకెలు చూసి మీరే మాత్రలు పెంచేసుకోవద్దు, రిపోర్టు చూసి డాక్టరే చెప్పాలి. ఒక మాత్ర వేసుకున్నాక దాదాపు రోజంతా ఒళ్లు ఇంకో మాత్రలోని ఐరన్‌ని సరిగ్గా రానివ్వదు, హెప్సిడిన్ అనే హార్మోన్ తలుపు మూసేస్తుంది. స్విట్జర్లాండ్‌లో ఐరన్ తక్కువున్న యువతుల మీద చేసిన అధ్యయనాల్లో రోజు విడిచి రోజు వేసుకుంటే ఒక్కో మాత్రలోంచి ఎక్కువ పట్టిందని తేలింది. వాళ్లకి ఈ ఆపరేషన్లు జరగలేదు కాబట్టి మీకూ అచ్చంగా అలాగే అవుతుందని అనుకోలేం. కానీ రోజూ వేసుకుంటే వాంతి వచ్చేలా ఉంటోందనేవాళ్లు మానేసే బదులు ఈ పద్ధతి కుదురుతుందా అని డాక్టరుని అడగొచ్చు.

మెల్లగా కరిగే రకం, పేగులోకి వెళ్లాక కరిగేలా పైపూత ఉన్న రకం, ఈ రెండూ వద్దు. అవి కరిగే చోటు ఐరన్ పట్టే చోటు దాటాక ఉంటుంది. సిరప్ తీసుకుంటే పంచదార లేనిది చూసుకోండి, బైపాస్ అయినవాళ్లకి తియ్యటి టానిక్‌తో డంపింగ్ (తీపి ఒక్కసారిగా పేగులోకి దిగి దడ, చెమటలు, కడుపునొప్పి, విరేచనాలు రావడం) వస్తుంది, తాగాక నోరు పుక్కిలించండి, లేకపోతే పళ్లు నల్లబడతాయి.

ఇక వేళ. ఐరన్‌కీ కాల్షియంకీ పడదు, రెండింటి మధ్య కనీసం రెండు గంటలు ఎడం ఉండాలి. పాలు, పెరుగు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. టీ, కాఫీ అయితే గంట ముందు, రెండు గంటల తర్వాత దాకా వద్దు. థైరాయిడ్ మాత్రకి నాలుగు గంటల దూరం. రాసిచ్చినవన్నీ పొద్దున్నే గుప్పిట్లో పోసుకుని ఒకేసారి మింగేసేవాళ్లని చాలామందిని చూశాను, ఐరన్, కాల్షియం, థైరాయిడ్, గ్యాస్ బిళ్ళ, వెనకాలే టీ. అలా మింగితే ఐరన్ దాదాపు వృథా, థైరాయిడ్ మాత్ర కూడా సగం చెడుతుంది.

దానికి బదులు ఇలా సర్దుకోవచ్చు. పొద్దున ఆరింటికి థైరాయిడ్ మాత్ర ఒక్కటే. ఏడున్నరకి టీ, ఎనిమిదిన్నరకి టిఫిన్. పదకొండున్నరకి పొట్ట ఖాళీగా ఉన్నప్పుడు ఐరన్ మాత్ర, అరచెక్క నిమ్మకాయ పిండిన నీళ్లతో. ఒంటిగంటన్నరకి భోజనం, మూడున్నరకి కాల్షియం, నాలుగున్నరకి టీ, రాత్రి భోజనంతో రెండో కాల్షియం. ఆఫీసులో ఉన్నా పదకొండున్నరకి ఫోన్‌లో అలారం పెట్టుకుంటే చాలు. థైరాయిడ్ లేనివాళ్లకి ఇంకా సులువు, పొద్దున లేవగానే ఐరన్ వేసుకుని టీని కాస్త వెనక్కి జరపొచ్చు. నిమ్మరసం ఖర్చు లేనిది కాబట్టి కలుపుకోండి, యాసిడ్ తగ్గిన పొట్టకి మంచిదే, విటమిన్ సీ మాత్రలు దీని కోసం ప్రత్యేకంగా కొనక్కర్లేదు.

వికారం వస్తే రెండు ముద్దల తిండితో వేసుకోండి. కాస్త తక్కువ పట్టినా మానేయడం కంటే నయం. మాత్ర వేసుకుని వెంటనే పడుకోవద్దు. మలబద్ధకం వస్తే నీళ్లు గుటకలు గుటకలుగా రోజంతా తాగుతూ ఉండండి, చాలకపోతే లాక్టులోజ్ లాంటిది రాయించుకోండి. గ్యాస్ బిళ్ళ ఇంకా కావాలా అని సర్జన్‌ని అడగండి, చాలామంది ఆపేయాల్సిన రోజు దాటిపోయినా అలవాటుగా వేసుకుంటూనే ఉంటారు. అయితే పుండు ఉన్నవాళ్లు చెప్పకుండా ఆపకూడదు.

మాత్రల డబ్బా పిల్లలకి అందని చోట పెట్టండి. ఎర్రగా, పైన తియ్యగా ఉండే ఐరన్ మాత్రలు చిన్నపిల్లలు నాలుగైదు మింగినా ప్రాణం మీదకి రావచ్చు.

ఐదో పని: తిండి, ఉన్నంతలో

తిండితో ఈ లోపం తీరదు, నిలబెట్టుకోవడానికి సాయపడుతుంది అంతే. బంధువులు రాగానే చెప్పేవి దానిమ్మ, బీట్‌రూట్. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికలు చూస్తే 100 గ్రాముల బీట్‌రూట్‌లో ఐరన్ ఒక మిల్లీగ్రాము కూడా లేదు, దానిమ్మలో ఇంకా తక్కువ. ఎర్రగా ఉంటే రక్తం పడుతుందన్న నమ్మకమే తప్ప అందులో ఏమీ లేదు. బెల్లంలో ఉంది గానీ చిన్న ముక్కతో వచ్చేది అర మిల్లీగ్రాము, దానికోసం చక్కెర ఎక్కించుకుని డంపింగ్ తెచ్చుకోవడం ఎందుకు?

అదే పట్టికల్లో ఉలవల్లో సుమారు 8 నుంచి 9 మిల్లీగ్రాములు, సజ్జల్లో 6, రాగుల్లో నాలుగున్నర పైన. మొక్కల నుంచి వచ్చే ఐరన్‌లో చాలాసార్లు పదో వంతు కూడా పట్టదు కాబట్టి ఆ పట్టేదాన్ని పెంచే పనులు చేయండి. పప్పుల్ని నానబెట్టి మొలకెత్తించండి, రాగి పిండిని అంబలికి పులియబెట్టండి, పప్పు మీద తినే ముందు నిమ్మకాయ పిండండి, ఉసిరికాయ పచ్చడి ఓ చెంచా పెట్టుకోండి. గోంగూర పప్పు లాంటి పులుపు కూరలు ఇనప మూకుట్లో వండితే ఆ ఇనుము కొంత కూరలోకి దిగుతుంది, మన అమ్మమ్మల వంటిళ్లలో ఉన్న పద్ధతే. భోజనం అవగానే పెరుగన్నం, ఆ వెంటనే టీ, ఈ వరసని మాత్రం మార్చండి.

మాంసం తినేవాళ్లకి మటన్, లివర్, తెలంగాణలో ఇష్టంగా తినే నల్ల (మేక రక్తంతో చేసే కూర), ఇవి బాగా పట్టే రకం ఐరన్, పొట్టలో యాసిడ్ లేకపోయినా పట్టేవి. ముక్క గొంతు దగ్గర ఆగిపోతోందంటే కీమా చేసి మెత్తగా ఉడికించి రెండు మూడు చెంచాలతో మొదలుపెట్టండి, కోడికూరలో రొమ్ము ముక్క కంటే కాలు ముక్క మేలు. గర్భం కోసం చూస్తున్నవాళ్లు, గర్భంతో ఉన్నవాళ్లు లివర్ తినొద్దు, అందులో విటమిన్ ఏ మరీ ఎక్కువ. పళ్లెంలో ముందు ప్రొటీన్, తర్వాతే అన్నం. నీళ్లు తిండితో పాటు కాకుండా అరగంట ఎడంగా.

ఆరో పని: నెల తర్వాత మళ్లీ చూడండి, పెరగకపోతే ఐరన్ ఎక్కించమని అడగండి

మాత్రలు సరిగ్గా పడుతుంటే నాలుగు వారాల్లో హిమోగ్లోబిన్ కనీసం ఒక పాయింటు పెరగాలి. పెరిగిందా, మంచిది, అయినా అంకె మామూలుకి రాగానే ఆపేయొద్దు, నిల్వలు నిండటానికి ఇంకో మూడు నెలలైనా పడుతుంది. పెరగలేదా, వేళలు సరిగ్గా పాటించారో లేదో ఒకసారి చూసుకుని, పాటించినా పెరగకపోతే "ఇంకో మూడు నెలలు ఇదే వాడండి" అనే మాటకి ఊరుకోవద్దు. బైపాస్ అయినవాళ్లలో మాత్రలు పనిచేయకపోవడం కొత్త సంగతి కాదు, పేగుని తప్పించి నేరుగా నరంలోకి ఐరన్ ఎక్కించడానికి ఇదే సరైన కారణం. ఫిజీషియన్ ఒప్పుకోకపోతే హెమటాలజిస్టు దగ్గరికి వెళ్లండి.

ఇందులో మన దగ్గర ఎక్కువగా వాడేవి రెండు రకాలు. ఐరన్ సుక్రోజ్‌ని సాధారణంగా 200 మిల్లీగ్రాముల చొప్పున రోజు విడిచి రోజు చాలాసార్లు ఎక్కిస్తారు, ధర తక్కువ. ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్‌ని 1000 మిల్లీగ్రాముల దాకా ఒకేసారి సెలైన్‌లో కలిపి పావుగంట ఇరవై నిమిషాల్లో ఎక్కిస్తారు, ధర ఎక్కువ, కానీ తిరుగుడు తక్కువ. ఎంత కావాలో డాక్టర్లు లెక్క కడతారు: బరువుని హిమోగ్లోబిన్ ఎంత పెరగాలో దాంతో గుణించి, దాన్ని 2.4తో గుణించి, నిల్వల కోసం 500 కలుపుతారు. 70 కిలోల మనిషికి 8 నుంచి 15కి రావాలంటే 1676 మిల్లీగ్రాములు. అంటే ఒక్క సీసాతో అయిపోయే పని కాదు చాలామందికి. బరువు ఇంకా ఎక్కువున్నవాళ్లకి ఎత్తుకి తగిన బరువుతో లెక్క వేస్తారు.

ఎక్కించేటప్పుడు చేయి కదపకండి, సూది దగ్గర మంటగా, ఉబ్బుగా అనిపించగానే సిస్టర్‌ని పిలవండి, మందు బయటికి కారితే చర్మం మీద గోధుమరంగు మచ్చ నెలల తరబడి, ఒక్కోసారి శాశ్వతంగా ఉండిపోతుంది. అయ్యాక అరగంట అక్కడే కూర్చోండి. పెద్ద అలర్జీ అరుదే గానీ, ఆ అరుదు కోసమే ఈ పని ఊళ్లో క్లినిక్‌లోనో ఇంట్లోనో కాకుండా అన్ని సదుపాయాలూ ఉన్న హాస్పిటల్‌లో చేయించుకోవాలి.

కార్బాక్సీమాల్టోజ్ ఎక్కించాక రెండు మూడు వారాలకి నీరసం తగ్గడానికి బదులు పెరిగి, ఎముకలు, కండరాలు నొప్పులు పెడుతుంటే ఫాస్ఫరస్ పరీక్ష అడగండి. ఈ మందు కొందరిలో రక్తంలోని ఫాస్ఫేట్‌ని తగ్గిస్తుంది, విటమిన్ డీ తక్కువున్నవాళ్లకి ఆ ముప్పు ఎక్కువ, ఆపరేషన్ అయినవాళ్లలో డీ తక్కువ లేనివాళ్లు ఎంతమందని. అందుకే ముందే డీ చూపించుకోమన్నాను. ఎక్కించిన వెంటనే ఫెర్రిటిన్ చేయిస్తే ఆకాశంలో ఉంటుంది, అది నిజమైన అంకె కాదు, కనీసం నాలుగు నుంచి ఎనిమిది వారాలు ఆగండి.

రక్తం ఎక్కించడం దీనికి బదులు కాదు. హిమోగ్లోబిన్ 7 కిందికి పడిపోయినప్పుడు, ఛాతీలో నొప్పో కూర్చున్నా ఆయాసమో ఉన్నప్పుడు ప్రాణం నిలబెట్టడానికి ఎక్కిస్తారు. ఒక యూనిట్ రక్తంతో వచ్చే ఐరన్ 200 నుంచి 250 మిల్లీగ్రాములే, కాబట్టి ఆ తర్వాత కూడా ఐరన్ కావాల్సిందే.

ఐరన్ నిండినా నీరసం పోకపోతే

బీ12 చూడండి. అది తగ్గితే రక్తంతో పాటు నరాలు కూడా దెబ్బతింటాయి, అరికాళ్లలో తిమ్మిర్లు, నడకలో తూలడం, మతిమరుపు వస్తాయి. బీ12 చూసుకోకుండా ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వాడుతుంటే రక్తం అంకె బాగుపడినట్టు కనిపించి నరాల దెబ్బ లోపల్లోపలే సాగిపోతుంది. మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లకి ఈ ముప్పు ఇంకాస్త ఎక్కువ. ఆ తర్వాత కాపర్. జుట్టు కోసమని జింక్ మాత్రలు నెలల తరబడి వేసుకుంటే కాపర్ పడిపోతుంది, దాని వల్ల కూడా రక్తహీనత వస్తుంది, అప్పుడు ఎంత ఐరన్ ఎక్కించినా లాభం ఉండదు. థైరాయిడ్ కూడా ఒకసారి చూపించుకోండి.

ఏడో పని: దీన్ని క్యాలెండర్‌లో పెట్టండి

ఆపరేషన్ అయిన మూడో నెలలో ఒకసారి, తర్వాత మొదటి ఏడాది నిండేదాకా మూడు నుంచి ఆరు నెలలకోసారి, ఆ పైన ఏటా ఒకసారి, జీవితాంతం. ఐరన్ ఎక్కించుకున్నవాళ్లకి ఇంకా తరచుగా కావాలి, ఎందుకంటే దారి మారే ఉంది కాబట్టి నిల్వలు మళ్లీ తరుగుతాయి, కొందరికి ఏడాదికో రెండేళ్లకో మళ్లీ ఎక్కించాల్సి రావచ్చు. పుట్టినరోజు నెలని గుర్తు పెట్టుకుంటే మర్చిపోరు. సర్జన్ ఉన్న ఊరు వదిలి వేరే ఊరో వేరే దేశమో వెళ్లిపోయినవాళ్లకి ఈ పరీక్షలు ఎవరూ గుర్తు చేయరు, అక్కడి డాక్టరుకి మీకు ఏ ఆపరేషన్ అయిందో కూడా తెలియదు. డిశ్చార్జ్ సమ్మరీ ఫోటో తీసి ఫోన్‌లో ఉంచుకోండి, అందులో ఆపరేషన్ పేరు, తేదీ, బైపాస్ అయితే ఎంత పేగు తప్పించారో ఉంటుంది. ఫెర్రిటిన్, హిమోగ్లోబిన్ అంకెలు తేదీలతో ఒకే చోట రాసుకుంటూ వెళ్లండి, 60 నుంచి 38, 38 నుంచి 22 అని దిగుతూ వస్తుంటే రక్తహీనత రాకముందే మీకు కనిపిస్తుంది.

పిల్లల కోసం చూస్తున్నవాళ్లు ఆపరేషన్ అయ్యాక ఏడాది నుంచి ఏడాదిన్నర ఆగాలని చెబుతారు. బరువు తగ్గాక, ఎన్నేళ్లుగానో సరిగ్గా లేని నెలసరి గాడిలో పడి అనుకోకుండానే గర్భం వస్తుంటుంది, అందుకని ఆ లోపు జాగ్రత్త పడండి. గర్భం అనుకున్నప్పుడు ముందే ఫెర్రిటిన్, బీ12 నింపుకోండి, వచ్చాక మూడు నెలలకోసారైనా చూపించుకోండి, మీ గైనకాలజిస్టుకి మొదటి రోజే ఆపరేషన్ సంగతి చెప్పండి. షుగర్ పరీక్ష కోసం గ్లూకోజ్ నీళ్లు తాగమన్నప్పుడు కూడా గుర్తు చేయండి, బైపాస్ అయినవాళ్లకి దాంతో డంపింగ్ వస్తుంది, దానికి బదులు వారం రోజులు ఇంట్లో గ్లూకోమీటర్‌తో చూసుకునే పద్ధతి ఉంది.